తాతయ్యగారి మూడు బిళ్ళలు

మా అత్తవారింట్లో ఆయుధపూజ రోజున దేవుడి దగ్గర పెట్టే వస్తువులకి ఒక వరస ఉంది. ముందు కొడవలి, తర్వాత కత్తిపీట, కుట్టుమిషను కత్తెర, మావారి బండి తాళం. అన్నిటికన్నా పైన పీట మీద ఓ తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా. అందులో మావారి తాతయ్యగారి మూడు మెడల్స్ ఉంటాయి. మా ఇంట్లో ఎవరూ మెడల్స్ అనరు, బిళ్ళలు అంటారు. ప్రతి దసరాకీ అత్తయ్యగారు వాటిని చింతపండుతో తోమి, పసుపూ కుంకమా పెట్టి, మళ్ళీ డబ్బాలో సర్దేస్తారు.

తాతయ్యగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. మాది పశ్చిమగోదావరి, తాడేపల్లిగూడెం వైపు. అక్కడ మిలటరీ మాధవరం అని ఊరి పేరే మిలటరీతో కలిసిపోయిన ఊరుంది, మీలో చాలామంది వినే ఉంటారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా ఆ రోజుల్లో చాలామంది వెళ్ళారు. తాతయ్యగారు 1942లో చేరారట. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. యుద్ధం ఎక్కడో లేదు, మన గుమ్మంలోకే వచ్చిందని జనానికి అప్పుడే తెలిసింది. తాతయ్యగారు తుపాకీ పట్టిన మనిషి కాదు, లారీ డ్రైవరు. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో బియ్యం, పెట్రోలు, మందుగుండు మోసేవారు. 1944లో ఇంఫాల్ వైపు కొండ దారుల్లో బండి నడిపారని మామయ్యగారు చెప్పగా విన్నాను.

నేను కోడలిగా వచ్చేసరికే తాతయ్యగారు లేరు, 1976లో పోయారు. నాకు మిగిలింది ఆ డబ్బా, దాన్ని అంటిపెట్టుకున్న ఒక మాట. ఆ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మామయ్యగారికి ఒక తమ్ముడు ఉన్నారు. మావారికి బాబాయి, నాకు చిన్నమామయ్యగారు. ఇప్పుడు డెబ్బై ఏళ్ళు. ఆయన మా ఇంటికి పెళ్ళికీ పేరంటానికీ వస్తారు, విస్తట్లో చెయ్యి కడుక్కుంటారు, వెళ్ళిపోతారు. నా కాపురానికి ఇరవైరెండేళ్ళు. ఒక్క రాత్రి కూడా ఆయన మా ఇంట్లో పడుకోలేదు. పెళ్ళైన కొత్తలో మావారిని అడిగితే, "అదంతా పాత గొడవలే, తాతయ్య వెండి బిళ్ళ బాబాయి అమ్మేసుకున్నాడట" అని అటు తిరిగి పడుకున్నారు.

గొడవ ఇదీ. 1980 మొదట్లో వెండి ధర ఆకాశానికి అంటింది. అమెరికాలో ఔన్సు వెండి దాదాపు 50 డాలర్ల దాకా పోయింది. అక్కడ హంట్ సోదరులని ఇద్దరు కోటీశ్వరులు వెండినంతా గుత్తకి కొనబోవడం దానికి ఒక కారణం. ఆ వేడి ప్రపంచమంతా తగిలింది. ఇంగ్లండులో జనం మొదటి యుద్ధం నాటి వెండి మెడల్స్‌ని తూకానికి అమ్మేస్తే అవి కరిగిపోయాయి. మా ఊళ్ళో కూడా వీధి చివరింటి ముసలాయన, మొదటి యుద్ధంలో మెసపుటేమియా వెళ్ళొచ్చిన మనిషి, ఆయన బిళ్ళని మనవలు అమ్మితే మంచి డబ్బే వచ్చిందట. ఆ కబురు విని మా బామ్మగారు మన బిళ్ళ ఎంత చేస్తుందో చూడమని కంసాలి దగ్గరికి పంపారు. కంసాలి గీటురాయి మీద గీసి, "అమ్మా, ఇది వెండి కాదు" అన్నాడు.

ఇంకేముంది? ఉన్న వెండి బిళ్ళని తీసేసి దాని చోట ఈ తగరం బిళ్ళ పెట్టారన్నారు. ఇంట్లో ఉద్యోగం లేనిది, చేతిలో డబ్బాడనిది చిన్నమామయ్యగారికి. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. ఆయన కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. ఆ నెలలోనే రూర్కెలా వెళ్ళి ఏదో పనిలో చేరిపోయారు.

పోయినేడాది మా చిన్నాడికి బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు, తొమ్మిదో తరగతి. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తీసుకుని దాని చరిత్ర రాయాలి. వాడు బిళ్ళల డబ్బా దించాడు. "అమ్మా, ఇందులో ఒరిజినల్ ఏది, డూప్లికేట్ ఏది?" అన్నాడు. వాడికీ ఆ మాట తెలుసన్నమాట! ఇంట్లో ఒకరి మీద పడ్డ నింద ఎవరూ నేర్పకుండానే మూడో తరానికి చేరిపోయింది. నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. నేను చదివింది తెలుగు బి.ఎ., లోహాల సంగతి నాకేం తెలుసు? అయినా తెలుసుకుందాం అనుకున్నాను. రెండు నెలలు పట్టింది.

ముందు అసలు ఏ యుద్ధానికి ఏ మెడల్ ఇచ్చారో చూసుకోవాలి. నకిలీ సంగతి ఆ తర్వాత. మేం ఇక్కడే పప్పులో కాలేశాం.

మొదటి యుద్ధంలో ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ నిజంగానే వెండిది. ఒకవైపు కిరీటం లేని ఐదో జార్జి తల, ఇంకోవైపు గుర్రమెక్కిన మనిషి, 1914, 1918 అంకెలు ఉంటాయి. కూలీలుగా, సహాయకులుగా వెళ్ళినవాళ్ళలో చాలామందికి మాత్రం దాన్నే కంచుతో చేసి ఇచ్చారు. యుద్ధం ఒకటే, మెడల్ బొమ్మ ఒకటే, మనిషి హోదాని బట్టి లోహం మారింది. చదువుతుంటే మనసు చివుక్కుమంది.

రెండో యుద్ధం నాటి వార్ మెడల్ 1939–1945 వేరు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న ఆరో జార్జి తల. ఇంకోవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. ఆ రెండు తలల్లో ఒకటి గద్దది, ఒకటి డ్రాగన్‌ది. పడమటి శత్రువు, తూర్పు శత్రువు అని అర్థం. 28 రోజులు పూర్తికాలం పనిచేసిన సైనికుడికి ఇది దక్కేది. ఇది రాగీ నికెలూ కలిపిన లోహంతో చేశారు. ఒక్క కెనడా వాళ్ళకి మాత్రం వెండితో చేసి ఇచ్చారు.

ఈ ముక్క చదివినప్పుడు స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు నేను. మన తాతయ్యగారికి ఇచ్చినదే వెండిది కాదు! ఇక వెండి బిళ్ళని ఎవరైనా ఎలా అమ్ముకుంటారు?

అయినా తొందరపడకూడదు కదా. వార్ మెడల్ వెండిది కాదన్నంత మాత్రాన మా డబ్బాలోది అసలుదే అని రుజువవదు. అసలు నికెల్ బిళ్ళ తీసేసి నకిలీ నికెల్ బిళ్ళ పెట్టి ఉండొచ్చు. అందుకని మూడు బిళ్ళల్నీ విడివిడిగా పరీక్ష చేశాం. మా పరీక్షలన్నీ ఇంట్లో చేసుకోగలిగినవే. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఉంటే పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను.

మొదటిది కొలత. వార్ మెడల్ అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. స్టార్ అనే ఆరు కోణాల మెడల్స్ 44 మిల్లీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు. కొలత ఎందుకు ముఖ్యమంటే, అసలు మెడల్స్‌ని ఉక్కు అచ్చుల మధ్య పెట్టి గట్టిగా నొక్కి తీస్తారు. చవక నకళ్ళని అలా చెయ్యరు. ఒక అసలు మెడల్ తీసుకుని దానిమీంచి మూస తయారుచేసి, అందులో కరిగించిన లోహం పోస్తారు. పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకే పోత పోసిన నకలు అసలుకన్నా ఒక వీసమైనా చిన్నదవుతుంది. మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పేరు పోసి ఇచ్చిన కంచు పళ్ళెం ఒకటుంది. సుమారు 120 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని మీద హోదా రాయలేదు. ప్రాణం పోయాక అందరూ సమానమే కదా అని వట్టి పేరే వేశారు. అంత పెద్ద వస్తువుకి నకలు పోస్తే తగ్గిన కొలత మామూలు స్కేలుకే దొరికిపోతుంది. చిన్న మెడల్‌కి వెర్నియర్ కాలిపర్స్ కావాలి. మా చిన్నాడు బళ్ళో ల్యాబు నుంచి అడిగి తెచ్చాడు.

రెండోది గీతల వాడి. అచ్చు కొట్టినదానికీ పోత పోసినదానికీ తేడా భూతద్దంలో చూస్తే తెలుస్తుంది. అచ్చు కొట్టిన అక్షరం అంచు పదునుగా ఉంటుంది, అక్షరం చుట్టూ ఉన్న నేల నున్నగా ఉంటుంది. పోత పోసినదానిలో నేల మీద ఇసక చల్లినట్టు గరుకు, అక్కడక్కడ గాలి బుడగల గుంటలు, పక్క అంచు మీద మూస రెండు సగాలూ కలిసిన గీత ఉంటాయి. అరిసెల పిండి గట్టిగా ఉన్నప్పుడు వేలిముద్ర ఎంత స్పష్టంగా పడుతుందో, జారుగా ఉంటే ఎలా అలుక్కుపోతుందో మీకు తెలుసుగా, అలాగే.

ఇక్కడ ఒక చిక్కుంది. మా అత్తయ్యగారూ అంతకుముందు బామ్మగారూ కలిపి డెబ్బైఏళ్ళ పైన తోమిన బిళ్ళలవి. అరిగిపోయి మెత్తబడ్డ అసలుదానికీ, పుట్టుకతోనే మెత్తగా ఉన్న నకలుకీ తేడా ఎలా? దానికీ ఒక ఉపాయం దొరికింది. అరుగుదల ఎత్తుగా ఉన్నచోటే ఉంటుంది. రాజుగారి చెంప, ముక్కు, సింహం వీపు అరుగుతాయి. లోతుల్లోకి వేలు పోదు, చింతపండు పీచు పోదు. అక్కడ గీతలు కొత్తవాటిలాగే ఉంటాయి. పోత నకలులో అలా కాదు, ఎత్తులూ లోతులూ అన్నీ ఒకేలా అలుక్కుపోయి ఉంటాయి.

మూడోది అయస్కాంతం. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ చాలు. రాగి నికెల్ మిశ్రమం అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుందా, లోపల ఇనుముందని అర్థం. అంటుకోకపోతే మాత్రం అసలుదే అని చెప్పలేం. జింకు పోత కూడా అంటుకోదు. ఈ పరీక్ష నకిలీని పట్టిస్తుంది తప్ప అసలుకి సాక్ష్యం చెప్పదు.

నాలుగోది పేరు. రెండో యుద్ధం మెడల్స్‌ని ఇంగ్లండు సైనికులకి పేరు లేకుండానే ఇచ్చారు. మన దేశపు సైనికులకి వచ్చినవాటిలో నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఉన్నవి చాలా కనిపిస్తాయి. గుండ్రటి మెడల్‌కి అంచు మీద, స్టార్‌కి వెనకవైపు. పేరు లేనంత మాత్రాన నకిలీ అనకూడదు, ఉన్నంత మాత్రాన అసలు అనీ అనకూడదు. పాత పేరు అరగదీసి కొత్త పేరు చెక్కేవాళ్ళు కూడా ఉంటారు. అలా చేస్తే అంచు ఆ మేర పలచబడుతుంది. కాలిపర్స్‌తో నాలుగువైపులా కొలిస్తే హెచ్చుతగ్గులు తెలిసిపోతాయి.

ఐదోది రిబ్బను. అంగళ్ళలో దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంటుంది కదా, దాని కింద పెడితే ఈ మధ్య తయారైన దారం తెల్లగా మెరుస్తుంది. బట్ట తెల్లగా కనబడాలని కలిపే మెరుపు మందులు యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి కాబట్టి ఆనాటి దారం మెరవదు. మా వీధి ఫ్యాన్సీ షాపులో అడిగి చూశాం. మూడు రిబ్బన్లూ ధగధగా మెరిశాయి! మా చిన్నాడి ముఖం వాడిపోయింది. ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెబితే, "మెరవవుటే మరి? ఏటా సర్ఫులో నానబెట్టి ఉతుకుతుంటేనూ!" అన్నారు. బట్టల సబ్బుపొడిలో ఉండేది కూడా ఆ మెరుపు మందే. పుస్తకాలు చదివిన నాకు తట్టలేదు, బట్టలుతికిన చేతికి తెలిసింది. ఆ పరీక్ష మా ఇంటి బిళ్ళలకి పనికిరాదని పక్కన పెట్టేశాం. రిబ్బను కొత్తదైనా బిళ్ళ పాతది కావచ్చు, అదీ గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొన్ని గుర్తులు చరిత్రే చెబుతుంది. ఆనాటి స్టార్స్ మధ్యలో రాజుగారి పొడి అక్షరాలు జి, ఆర్, ఐ ఉంటాయి. చివరి ఐ అంటే చక్రవర్తి, మన దేశానికి చక్రవర్తి అని. ఆ బిరుదుని ఆయన 1948లో వదులుకున్నారు. టోపీ బ్యాడ్జీల్లో అయితే కిరీటం చూడాలి. 1901 నుంచి వాడిన రాజు కిరీటానికి పైన కమానులు గుమ్మటంలా గుండ్రంగా ఉంటాయి. ఎలిజబెత్ రాణి కాలం కిరీటంలో కమానులు మధ్యలో లోపలికి దిగి ఉంటాయి. మన సైన్యంలో 1950 జనవరి 26 నుంచి కిరీటమే పోయింది, అశోకుడి సింహాలు వచ్చాయి, దళాల పేర్లలో రాయల్ అనే మాటా పోయింది. సింహాలున్న మద్రాస్ రెజిమెంట్ బ్యాడ్జీ చూపించి ఇది రెండో యుద్ధం నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అది మంచి బ్యాడ్జీయే కావచ్చు, యుద్ధం నాటిది మాత్రం కాదు.

మెడల్స్ జోడింపు కూడా చూడాలి. బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండింటికీ అర్హత ఉన్న సైనికుడికి ముందు సంపాదించినది ఒక్కటే ఇచ్చి, రెండోదానికి బదులు రిబ్బను మీద చిన్న పట్టీ ఇచ్చేవారు. రెండు స్టార్సూ ఒకే మనిషివని వరసలో కుట్టి ఉంటే, కుట్టిన మనిషికి ఈ నియమం తెలీదన్నమాట.

ఇక మా బిళ్ళల సంగతి.

వార్ మెడల్ కొలత సరిగ్గా 36. అయస్కాంతానికి అంటుకోలేదు. పైన పట్టుకునే కమ్మీ కదలకుండా బిగించి ఉంది, అసలువాటికి అలాగే ఉండాలి. సింహం వీపు అరిగింది కానీ డ్రాగన్ రెక్కల సందులు వాడిగా ఉన్నాయి. అంచు మీద మాత్రం ఏమీ కనబడలేదు. ఏళ్ళతరబడి పెట్టిన పసుపు కుంకాలు గట్టిపడి గోడ సున్నంలా అతుక్కుపోయి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా అద్దుతూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. ముందు ఒక అంకె కనబడింది. తర్వాత ఇంకోటి. తర్వాత తాతయ్యగారి పేరు, చివర ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని దళం పొడి అక్షరాలు. పేరులో రెండు ఎన్ అక్షరాలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. నకలు చేసి మోసం చేసేవాడు ఇంటివాళ్ళనడిగి పేరు సరిగ్గా రాయిస్తాడు. 1940ల్లో ఏ గుమాస్తాయో విని రాసుకున్న తప్పు అది. ట్రంకుపెట్టెలో ఉన్న డిశ్చార్జి కాగితంలోనూ అదే తప్పు, అదే నంబరు.

బిళ్ళ అసలుదే. ఎవరూ మార్చలేదు. ఎవరూ అమ్మలేదు. కంసాలి చెప్పింది నిజమే, అది వెండి కాదు. కానీ అది ఎప్పుడూ వెండి కాదు. ఎదురింటి మొదటి యుద్ధం బిళ్ళనీ మా ఇంటి రెండో యుద్ధం బిళ్ళనీ ఒకటే అనుకోవడంలో వచ్చిన పొరపాటు ఒక మనిషిని నలభైనాలుగేళ్ళు గుమ్మం బయట నిలబెట్టింది.

1939–45 స్టార్ కూడా అసలుదే, వెనకాల అదే నంబరు, అదే తప్పు పేరు.

మూడోది బర్మా స్టార్. ఇది కొలిచినప్పుడు మా చిన్నాడు రెండుసార్లు చూసి, "అమ్మా, దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువ" అన్నాడు. భూతద్దంలో చూస్తే అక్షరాల చుట్టూ గరుకు, ఒక కోణం దగ్గర ఆవగింజంత గుంట, అంచు చుట్టూ సన్నటి గీత. వెనక పేరు లేదు. పక్కనున్న స్టార్‌కి ఉండి దీనికి లేకపోవడం ఏమిటి? ఒక్కొక్క గుర్తునీ విడిగా అయితే కొట్టిపారెయ్యొచ్చు. అన్నీ కలిసొచ్చాక ఇంకేం అనుకుంటాం? అది పోత నకలు.

నా చేతులు చల్లబడ్డాయి. ఒక నింద పోయిందనుకుంటే ఇంకోటి ఎదురొచ్చింది. ఇది ఎవరు మార్చారు?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక అత్తయ్యగారి మంచం దగ్గర కూర్చుని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పైకప్పు చూస్తూ అన్నారు. "అది మీ మామయ్యగారు కొన్నారమ్మాయ్. తాతయ్యగారు పోయిన మరుసటేడు ఫొటోతో పాటు బిళ్ళలు కూడా ఫ్రేము కట్టిద్దామని పట్నం తీసుకెళ్ళారు. రింగు ఊడి బస్సులో ఎక్కడో పడిపోయిందట. అత్తగారికి చెబితే ప్రాణం తీసేస్తుందని భయపడి, సికింద్రాబాదులో మిలటరీ సామాన్లమ్మే కొట్లో అలాంటిదే కొని తెచ్చి పెట్టేశారు. నాకొక్కదానికే చెప్పారు."

"మరి చిన్నమామయ్యగార్ని అన్నప్పుడు..."

"అన్నప్పుడు మీ మామయ్యగారు నిజంగానే నమ్మారు, తమ్ముడే వెండిది తీశాడని. కానీ ఈ నక్షత్రం సంగతి బయటపెడితే అంతా తన మీదికే వస్తుందని నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు." కాసేపాగి, "మామయ్యగారు లేరు, ఇంక నేనెందుకు దాచాలి? చెప్పు. నేనే చెప్పాల్సింది" అన్నారు.

నకలు కొనడం తప్పు కాదండీ. పోయిన మెడల్ చోట కుట్టుకోవడానికి మాజీ సైనికులు, వాళ్ళ పిల్లలు నకళ్ళు కొనుక్కోవడం మామూలే. నాటకాలకి, సినిమాలకి కావాలి. నకలుని నకలని చెప్పినంతసేపూ దానితో ఏ ఇబ్బందీ లేదు. చెప్పకుండా అసలు పక్కన పెట్టినప్పుడే గొడవ. పెట్టినవాడి భయం కూడా నాకు అర్థమైంది. ముప్పై ఏళ్ళ మనిషి, తల్లికి భయపడ్డాడు, అంతే. కానీ ఆ మౌనం ఖరీదు ఇంకొకరు కట్టారు.

మర్నాడు చిన్నమామయ్యగారికి ఫోన్ చేశాను. ముందు వార్ మెడల్ సంగతి చెప్పాను, వెండి కథంతా. ఆయన ఊఁ కొట్టారు. అంచు మీద నంబరు ఉందండీ అన్నాను. "ఏదీ, చదువమ్మా" అన్నారు. మొదటి మూడంకెలు చదివానో లేదో, మిగతావన్నీ ఆయనే చెప్పేశారు, పాఠం అప్పజెప్పినట్టు. చిన్నప్పుడు తాతయ్యగారు కొడుకులిద్దర్నీ నిలబెట్టి ఆ నంబరు చెప్పించేవారట. తప్పకుండా చెప్పినవాళ్ళకి బెల్లం ముక్క. యాభై ఏళ్ళ పైన అయినా ఆయన ఒక్క అంకె తప్పలేదు.

బర్మా స్టార్ సంగతి కూడా చెప్పాను. మామయ్యగారి పేరు వచ్చేసరికి నా గొంతు తడబడింది. ఆయన, "పోనీలే అమ్మా, అన్నయ్యకి నాన్న కన్నా అమ్మంటేనే హడల్" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఎందుకో నాకే ఏడుపొచ్చింది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మెడల్స్ ఉంటే నాదొక మనవి. వాటిని తోమకండి, చింతపండుతో అసలే వద్దు. ప్రతి తోముడుకీ కాస్త పేరు పోతుంది. మెత్తగా అతుక్కునే ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, రాగికి పచ్చ చిలుం పడుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టండి. మెడల్‌తో పాటు కాగితాలు కూడా దాచండి. నంబరు, దళం పేరు ఉన్న ఒక్క కాగితం ఎన్ని బిళ్ళలకన్నా గట్టి సాక్షి. కొనేటప్పుడు ఒకే గుర్తు చూసి తీర్పు చెప్పకండి. బయట కొనేటప్పుడే కాదు, ఇంట్లో మనుషుల విషయంలోనూ అంతే.

యుద్ధం అయ్యాక తిరిగిరానివాళ్ళ ఇళ్ళకి బిళ్ళలుండీ ఏం లాభం? రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి దొరకని సైనికుల పేర్లు దాదాపు 27,000 చెక్కిన స్తంభాలున్నాయి, అందులో మనవాళ్ళ పేర్లు ఎన్నో. మా తాతయ్యగారు తిరిగొచ్చారు. ఆయన బర్మా వెళ్ళారనడానికి ఆ నక్షత్రం మా దగ్గర లేకపోయినా కాగితంలో ఒక వరస ఉంది. అది చాలు.

ఈ దసరాకి బిళ్ళలు తోమలేదు. చిన్న చెక్క పెట్టెలో నల్లగుడ్డ పరిచి పెట్టాం. కింద మా చిన్నాడు తన చేతిరాతతో చీటీలు అంటించాడు. రెండింటి కింద తాతయ్యగారి పేరు, ఒక ఎన్ తక్కువతో, బిళ్ళ మీద ఉన్నట్టే. మూడోదాని కింద ఇలా రాశాడు: "నకలు. అసలుది బస్సులో పోయింది. 1977లో పెద్దతాతయ్య కొన్నారు." అలా రాయొచ్చా అని అత్తయ్యగార్ని అడిగాడు. "రాయరా, నిజమేగా" అన్నారావిడ.

పూజకి చిన్నమామయ్యగారు, చిన్నత్తయ్యగారు వచ్చారు. భోజనాలయ్యాక ఆయన ఎప్పట్లా చెప్పుల కోసం చూడలేదు. వరండాలో మడతమంచం వెయ్యమన్నారు.